నడుముకు ఆరు తూటాలు

అల్లుడు: వేటకు కాదు మామా, ముందే చెప్తున్నా. మొక్కజొన్న కంకి పాలు పోసుకుంటోంది. త్రీ ఫేజు కరెంటు రాత్రి పన్నెండుకు ఇస్తారు. గేట్‌వాల్వు తిప్పాలంటే నేనొక్కణ్ణే గుట్ట అంచుదాకా పోవాల. ఎడమ చేతిలో బ్యాటరీ లైటు, కుడి చేతిలో కట్టె. గట్టు మీద ఎలుగుబంటి లేచి నిలబడితే ఆ కట్టెతో ఏం చేసేది? నడుముకు ఒక రివాల్వరు ఉండాలనుకోవడం అంత తప్పా?

మామ: తప్పని ఎవరన్నారబ్బీ? దేనికి పనికొస్తుందని అడిగినా, అంతే.

అల్లుడు: ప్రాణానికి పనికొస్తుంది.

మామ: ఎవరి ప్రాణానికి?

అల్లుడు: ఇట్ల మాటకు మాట తగిలిస్తే తెల్లారిపోతుంది. మా పిన్ని కొడుకు మోంటానాలో ఉన్నాడు కదా. అక్కడ జింకల వేటకు పోయేవాళ్లు చేతిలో రైఫిలు ఉన్నా సరే, రొమ్ము మీద తోలు సంచిలో ఇంకొక చిన్న తుపాకీ పెట్టుకుంటారంట. జింకను కొట్టి, కడుపు కోసి, మోకాళ్ల మీద కూర్చుని పని చేస్తుంటారు. రైఫిలేమో చెట్టుకు ఆనించి ఉంటుంది. నెత్తురు వాసనకు ఎలుగు వస్తుంది. ఆ టైములో చేతికి అందేది రొమ్ము మీద ఉన్నదే. ఏది కొనాలని నెలల తరబడి వాదించుకుంటారంట. 1955లో వచ్చిన పాయింట్ 44 మ్యాగ్నమ్ రివాల్వరు మేలని ఒకరు, 1983 నాటి టెన్ ఎమ్మెమ్ పిస్తోలైతే గుండ్లు ఎక్కువ పడతాయని ఇంకొకరు.

మామ: వాదించుకోనీ. వాళ్లకు అంగట్లో వంద రకాలున్నాయి. నీకేముంది? నైన్ ఎమ్మెమ్, పాయింట్ 45 మామూలు మనిషి పెట్టుకోకూడని బోర్లు. పైదేశం సరుకు దిగుమతి మనలాంటోళ్లకు ఎప్పుడో మూసేసినారు. ఉన్న పాతవాటికి ఎకరా పొలం అమ్మాల. నీకు మిగిలేది మన దేశంలో చేసిన పాయింట్ 32. ఆ గుండు పుట్టింది 1896లో, అమెరికాలో, ఎదురుగా ఉన్న మనిషి కోసం. నువ్వు చెప్పిన 44 దెబ్బలో దీనికి నాలుగో వంతు బలం కూడా లేదు. 2014లో ఆడవాళ్ల రక్షణకని కాన్పూరు సర్కారు తుపాకుల ఫ్యాక్టరీ అదే బోరులో ‘నిర్భీక్’ అని అర కిలో రివాల్వరు తెచ్చింది. అప్పుడే దాని ధర 1,22,360 రూపాయలు. హ్యాండ్‌బ్యాగులో పెట్టుకునే సామాను అది. దాన్ని పట్టుకుని నూరు కిలోల జంతువు ముందర నిలబడతానంటావు.

అల్లుడు: నిలబడను. ఇదే ఎవరికీ అర్థం కాదు. దూరం నుంచి ఎలుగును కొట్టాలని నాకు లేదు. దూరంగా ఉంటే దాని దోవ దానిది, నా దోవ నాది. అది నా మీద పడినాక సంగతి మాట్లాడుతున్నా. మీద పడినాక నీ పొడుగు తుపాకీ ఎందుకు పనికొస్తుంది? గొట్టం దాని వీపు అవతల ఉంటుంది. అదే రివాల్వరైతే, వెల్లకిలా పడి ఉన్నా, ఒక చెయ్యి దాని నోట్లో ఉన్నా, రెండో చేత్తో దాని పొట్టకు ఆనించి నొక్కొచ్చు. గురి చూసే పని లేదు. ఆనించి కొట్టేటప్పుడు బోరు చిన్నదా పెద్దదా అన్నది వెనకమాట. చెవి పక్కన ఆ చప్పుడుకైనా వదలకపోతుందా?

మామ: ఈ మాట బలమైనదే, ఒప్పుకుంటున్నా. మా నాయన నాటు తుపాకీ నీకు గుర్తుండదు. గొట్టంలో మందు పోయాల, కొబ్బరి పీచు దూర్చాల, గజంతో పదిసార్లు కుట్టాల, సీసం గుండ్లు వెయ్యాల, మళ్లీ పీచు, మళ్లీ కుట్టడం. చివరికి చెవి మీద క్యాపు పెట్టాల. ఇంతా చేస్తే ఒక్క దెబ్బ. వాన తుంపర పడితే అదీ పేలదు. రెండో దెబ్బకు నింపుకునే లోపల ఎలుగు గుట్టెక్కి దిగొస్తుంది. దానికన్నా నీ రివాల్వరు వెయ్యి రెట్లు మేలు. కానీ ఇంకో లెక్క ఉంది. ఎలుగు ఎంత వేగంతో వస్తుందనుకున్నావు?

అల్లుడు: మనిషికన్నా జోరుగా.

మామ: గంటకు ముప్పై కిలోమీటర్లే వేసుకో. అంటే సెకనుకు ఎనిమిది మీటర్లు. రాత్రిపూట చేన్లో నువ్వు దాన్ని చూసేదే పది మీటర్లలో. సెకనుంబావు. ఆ సెకనుంబావులో లైటు వెలుగులో కనపడింది పందా ఎలుగా అని తేల్చుకోవాల, కట్టె పారెయ్యాల, చొక్కా ఎత్తాల, బొందు ఊడదీయాల, బయటికి లాగాల. దాని చూపు మందం, చెవి కూడా అంతంతే. పుట్టలో మూతి పెట్టి చెదలు పీలుస్తుంటే ఆ చప్పుడులో నీ అడుగు దానికి వినపడదు. పక్కకొచ్చినాక ఉలిక్కిపడుతుంది. ఉలిక్కిపడితే పారిపోయే గుణం కాదు దానిది. తరతరాలుగా పులితో పాటు బతికిన జంతువు, ముందు మీద పడితేనే బతుకుతానని నేర్చుకుందని చదువుకున్నోళ్లు అంటారు. వచ్చేది నేరుగా మొహం మీదికే. పుట్టలు తవ్వే గోళ్లు, ఒక్కొక్కటి నా చిటికెన వేలంత. అప్పుడు నీ రెండు చేతులూ ఎక్కడుంటాయి?

అల్లుడు: మొహానికి అడ్డం.

మామ: ఆ. నడుము దగ్గర ఉండవు. మా ఊరి గొర్రెలాయన ఒకడు, నా చిన్నప్పుడు, తుంగలో వంగి పుల్ల కోస్తున్నాడు. పిల్లలను వీపున ఎక్కించుకున్న తల్లి ఎలుగు అవతల నుంచి వచ్చింది. చేతిలో కొడవలి ఉంది. ఆ కొడవలికి నెత్తురు చుక్క అంటలేదు. ఆయన బతికినాడు. చచ్చేదాకా మొహానికి తువ్వాలు కట్టుకుని తిరిగినాడు. టీ తాగాలన్నా గోడ వైపు తిరిగి తాగేవాడు.

అల్లుడు: నువ్వు చెప్పింది భయపెట్టేదానికి బాగుంది. అది నా మాటకు జవాబు కాదు. అలాస్కాలో టామ్ స్మిత్, స్టీఫెన్ హెర్రేరో వాళ్లు 1883 నుంచి 2009 దాకా జరిగిన 269 సంఘటనలు తీసి 2012లో లెక్క చెప్పినారు. ఎలుగును ఆపడంలో చేతి తుపాకులు 84 శాతం పనిచేసినాయి, పొడుగు తుపాకులు 76 శాతం. చిన్నదే ముందుంది.

మామ: అదే లెక్కలో ఇంకో ముక్క ఉంది. దాన్ని పిన్ని కొడుకు పంపినాడా?

అల్లుడు: పంపినాడు. తుపాకీ వాడినవాళ్లకూ, చేతిలో ఉండి వాడనివాళ్లకూ గాయాల్లో పెద్ద తేడా లేదని.

మామ: అదే మనుషులు 2008లో మిరపపొడి పిచికారీ సంగతి రాసినారు కదా?

అల్లుడు: రాసినారు. గోధుమరంగు ఎలుగుల మీద 92 శాతం ఆపిందని. పిచికారీ చేతపట్టుకున్నవాళ్లలో 98 శాతం మందికి గాయమే కాలేదని. కానీ మామా, ఆ డబ్బా బళ్లారి బెంగళూరు రోడ్డులో ఎక్కడ అమ్ముతారో చూపించు. అమ్మాయిల పర్సులో పట్టే డబ్బా దొరుకుతుంది. అది రెండు బారల దూరం కూడా పోదు, గాలి ఎదురుంటే నా కళ్లలోనే పడుతుంది. లేని మందు పేరు చెప్పి ఉన్న మందు వద్దంటే ఎట్ల?

మామ: అదీ నిజమే. అక్కడి ఎలుగు వేరు, ఇక్కడి ఎలుగు వేరు కూడా. ఆ అంకెలు తెచ్చి మన చేన్లో నాటేదానికి లేదు, నీకైనా నాకైనా. సరే, కాయితం సంగతికి రా. నీ చేను దరోజి అడవికి ఎంత దూరం?

అల్లుడు: ఆరేడు కిలోమీటర్లు. నువ్వు ఆ మాటకే వస్తావని తెలుసు.

మామ: రాకుండా ఎట్ల? దరోజి దగ్గరి బిలికల్లు అడవిని 1994లో ఎలుగుల అభయారణ్యం చేసినారు. 2009లో ఇంకొంత కలిపితే ఎనభై చదరపు కిలోమీటర్ల పైన అయింది. అభయారణ్యం చుట్టూ పది కిలోమీటర్ల లోపల కొత్త తుపాకీ లైసెన్సు ఇయ్యాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందుగా ఒప్పుకోవాల. 1972 వన్యప్రాణి చట్టంలో 34వ సెక్షను. అడవి లోపలికి ఆయుధంతో అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదని 31వ సెక్షను. సరే, ఇవన్నీ దాటినావనుకో. పంట కాపలాకని 1959 ఆయుధాల చట్టం పేరుపెట్టి చెప్పింది గొట్టంలో మందు కుట్టే తుపాకీని. అది చాలదని అధికారికి తోస్తే ఇరవై అంగుళాల గొట్టమున్న బోరు తుపాకీ ఇయ్యొచ్చు. రివాల్వరు ఆ వరసలో లేదు. పంటకు ఎలుగు వస్తోందని రాస్తే నీ అర్జీ రివాల్వరు దాకా పోనే పోదు.

అల్లుడు: అంటే చట్టమే చెప్తోంది, రెండు చేతులూ కావాల్సిన తుపాకీ పట్టుకో, లైటు నోట్లో పెట్టుకో అని! చట్టం రాసినవాళ్లు ఎప్పుడన్నా రాత్రి నీళ్లు కట్టినారా? పందిని బెదిరించేదానికి నాటు తుపాకీ చాలు. మీద పడిన ఎలుగుకు చాలదు, ఇప్పుడే నువ్వూ ఒప్పుకున్నావు. నువ్వు చెప్పిన 1972 వన్యప్రాణి చట్టమే 11వ సెక్షనులో ప్రాణం కాపాడుకునేదానికి మంచి మనసుతో జంతువును చంపినా నేరం కాదంటుంది. చంపేదానికి సెలవిచ్చి, చంపే సాధనం ఇయ్యకపోతే ఆ సెలవు ఎందుకు?

మామ: ఆ సెక్షనును చివరిదాకా చదువు. అప్పటికే చట్టాన్ని మీరే పనిలో ఉన్నవాడికి ఆ రక్ష లేదు. కుందేలుకో పందికో రాత్రి అడవిలో దూరినవాడి మీద ఎలుగు పడి, వాడు కాలిస్తే, ప్రాణరక్షణ అని చెప్పుకోలేడు. ఎలుగు మొదటి షెడ్యూలు జంతువు, మూడు నుంచి ఏడేళ్లు లోపలుంటాడు. చచ్చిన ఎలుగు సర్కారుది.

అల్లుడు: నేను దూరను కదా!

మామ: నువ్వు దూరవు. నీ లైసెన్సు చూసి ఇంకొకడు తెచ్చుకుంటాడు, వాడు దూరుతాడు. నేనూ దూరినోణ్ణే, అందుకే చెప్తున్నా. 1972కు ముందు రాయదుర్గం గుట్టల్లో కుందేలు, కౌజు, పంది... ఏదీ వదల్లేదు. వేట మానమన్నప్పుడు రెండేళ్లు చెయ్యి ఖాళీగా ఉన్నట్టు తిరిగినా. సండూరు రాజావారి ఇంట్లో పుట్టిన ఎం.వై. ఘోర్పడే తుపాకీ బదులు కెమెరా పట్టుకుని అడవి ఫొటోలకు పేరు తెచ్చుకున్నాడు. ఆయనకు కెమెరా ఉంది. మాకు ఏముంది? పేకాట నేర్చుకున్నాం.

అల్లుడు: కెమెరా అన్నావు కాబట్టి చెప్తా. మధ్యాన్నం పూట దరోజి అడవిలో కరడికల్లు బండ మీద బెల్లం పాకం పూస్తారు. ఎలుగులు పిల్లలతో దిగొస్తాయి. ఎదురు టవరు మీద బెంగళూరు వాళ్లు బైనాక్యులర్లు పెట్టుకుని ‘అయ్యో, ఎంత ముద్దుగా ఉందో’ అంటారు. నేనూ నా కూతుర్ని తీసుకుపోయి చూపించినా. అది నా కూతురు భుజం మీద కూర్చున్నట్టే దాని పిల్ల దాని వీపు మీద కూర్చుంది. నాకూ ముద్దొచ్చింది. అదే ఎలుగు రాత్రి నా గట్టు మీద. బండ మీద అయితే టికెట్టు, గట్టు మీద అయితే చావు. ఆ రెంటి మధ్యలో ఉన్నవాడికి ఏమీ ఇయ్యకుండా, ‘దాన్ని ప్రేమించు’ అంటే ఎట్ల?

మామ: (కొంచెంసేపు మాట లేదు.) దానికి నా దగ్గర జవాబు లేదు.

అల్లుడు: ఉద్దానంలో ఏమయింది? 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో జీడితోటకు పోయిన మనిషిని ఎలుగు చంపింది. మర్నాడు ఇంకా కొందరి మీద పడింది. అప్పటికి ఊరంతా కర్రలు, రాళ్లు. ఒక్కడి దగ్గర రివాల్వరు ఉన్నా...

మామ: ఉంటే? జీడితోటలో నలభైమంది అరుస్తూ గుండ్రంగా నిలబడి ఉన్నారు. మధ్యలో ఎలుగు. నువ్వు ఏ వైపు కాల్చినా దాని వెనక మనిషున్నాడు. చివరికి మత్తుసూది ఇచ్చి పట్టుకున్నారు, అది కూడా బతకలేదు. ఒక దెబ్బ తగిలి అడవిలోకి పోయిందే అనుకో. చావదు. నీ పాయింట్ 32 గుండు దాని కొవ్వులో, పీచు వెంట్రుకల్లో ఇరుక్కుని నొప్పి పుట్టిస్తుంది. మర్నాడు పొద్దున చెంబు పట్టుకుని పోయే ముసలమ్మ, సీతాఫలాలకు పోయే పిల్లోడు దానికి ఎదురవుతారు. కాల్చింది నువ్వు, దెబ్బ తిన్నది ఎలుగు, బిల్లు కట్టేది ముసలమ్మ. ఇందాక ఎవరి ప్రాణానికి అని అడిగినా చూడు, అది ఇదే.

అల్లుడు: ... అది నేను ఆలోచించలేదు.

మామ: ఇంకొకటీ ఆలోచించు. రివాల్వరు కొంటే ఏడాదికి మూడొందల అరవై ఐదు రోజులు ఇంట్లో ఉంటుంది. అందులో ఎలుగును చూసేది ఎన్ని రోజులు? ఒకటో, సున్నానో. మిగిలిన రోజులు ఏం చూస్తుంది? గట్టు జరిపినాడని నీ తమ్మునితో నీ తగాదా చూస్తుంది. బారు నుంచి వచ్చిన పొద్దు చూస్తుంది. నీ కూతురు బీరువా తెరిచేది చూస్తుంది.

అల్లుడు: నేనేమన్నా ఫ్యాక్షన్ వాడినా? ఆ మాట నువ్వు అనకూడదు మామా.

మామ: నువ్వు కావు. ఎవడూ ముందుగా కాడు. మా వైపు ఇళ్లల్లో పాత తుపాకులు ఎందుకు కొన్నారో, దేనికి వాడినారో రెండూ తెలిసిన వయసు నాది.

అల్లుడు: సరే. నేనూ ఒక మాట ఒప్పుకుంటా, నువ్వు అడక్కపోయినా. అది నడుముకు ఉంటే నేను ఇప్పుడు పోని చోటికి పోతా. ఇప్పుడు గుట్ట అంచున చప్పుడైతే వెనక్కి తిరిగొచ్చేస్తా, కంకులు పోతే పోనీలే అని. అది ఉంటే లైటు వేసి చూద్దామని ముందుకు పోతా. ఈ సంగతి నా పెళ్లాం కూడా చెప్పింది. నాకు కోపమొచ్చింది, నిజం కాబట్టి.

మామ: ఆయమ్మ నాకన్నా తెలివైంది.

అల్లుడు: కానీ నువ్వు ఇచ్చేది ఏంది? వద్దు అన్నదొక్కటేనా?

మామ: ఇద్దరు పోండి. గట్టిగా మాట్లాడుకుంటూ పోండి, లేదా ఫోన్లో పాటలు పెట్టుకో. కట్టెకు ఎద్దు గజ్జె కట్టు. నువ్వు వస్తున్నావని దానికి ముందే తెలిస్తే నూటికి తొంభైసార్లు అదే పక్కకు జరుగుతుంది. నా లెక్క ఇది, అలాస్కాది కాదు. మీద పడితే బోర్లా పడి, మెడ వెనక చేతులు అల్లుకుని మొహం మట్టిలో పెట్టు. మోటారుకు మొబైల్ స్టార్టరు పెట్టించు. మంచం మీద నుంచే ఆన్ అవుతుంది.

అల్లుడు: స్టార్టరు పోయిన ఏడే పెట్టించినా. మోటారు ఫోన్లో తిరుగుతుంది, గేట్‌వాల్వు తిరగదు. ఇద్దరు పోవాలంటే ఇంకొకడికి రాత్రి కూలి ఇయ్యాల, ఎలుగు గుట్ట అంటే ఎవడూ రాడు. గజ్జెకు ఎలుగు పోతుందేమో, పందులు పోవు. నీ మాటలన్నీ మంచివే మామా. నువ్వు రాయదుర్గం టౌనులో డాబా ఇంట్లో ఫ్యాను కింద పడుకుని చెప్తున్నావు.

మామ: అవును. దానికి తిరుగు లేదు. నీ చేన్లో నేను పడుకోవడం లేదు. 1953 దాకా మనది ఒకే జిల్లా. గీత గీసినాక నాది ఆంధ్ర, నీది మైసూరు. ఆ గీత ఎలుగుకు లేదు. లైసెన్సుకు ఉంది, చూసుకో. డీసీ ఆఫీసు నీకు కర్ణాటక వరకే రాసిస్తే, మీ అత్తగారి చేన్లో శనక్కాయ కాపలాకు ఈ పక్కకు తెచ్చినావంటే కేసే. ఎన్నికలొస్తే స్టేషనులో జమ చెయ్యాల.

అల్లుడు: అర్జీ పెట్టేది పెడతా. వాళ్లే కాదనాల, నాకు నేను కాదనుకోను.

మామ: పెట్టు. రివాల్వరు అని రాయొద్దు, ఇరవై అంగుళాల గొట్టం తుపాకీ అని రాయి. గాల్లోకి పేల్చేదానికి అది మేలు. సాక్షి సంతకం కావాలంటే నేను చేస్తా. నాకు ఇష్టమై కాదు.

అల్లుడు: ఇష్టం లేకుండా ఎందుకు చేస్తావు?

మామ: మీ అమ్మ నాకు అక్క కాబట్టి.

అల్లుడు: అర్జీ డీసీ ఆఫీసు నుంచి పోలీసు స్టేషనుకు పోవాల, అక్కడి నుంచి వార్డెను దగ్గరికి, అక్కడి నుంచి వెనక్కి. కంకి కోతకు ఇంకా ఇరవై ఐదు రోజులే.

మామ: ఈ రాత్రి కరెంటు ఎన్నింటికి?

అల్లుడు: పన్నెండుకే.

మామ: నా చెప్పులు ఎక్కడున్నాయో చూడు. ఇద్దరం పోదాం.